శుక్రవారపు అంకె

పెట్టెలో కాలు పెట్టి కదలకుండా కూర్చోవడం పేరిందేవికి అది ఆరోసారి.

నల్ల చెక్కపెట్టె. ముందువైపు కాలు దూరేంత కంత, ఆ కంత చుట్టూ మందపాటి నల్లగుడ్డ. లోపల నీలిదీపం వెలుగుతుందని చెప్పారు గాని ఆమె ఎప్పుడూ చూడలేదు. కాలివేళ్ళ సందున సూదిమందు వేసి, కాలు లోపల పెట్టించి, గుడ్డ బిగించేస్తారు. నీలివెలుగు తగిలితే ఆ మందు పచ్చగా మెరుస్తుంది. అది పాదంలోంచి ఎంత పైకి పాకితే గోడమీది తెరలో అంకె అంత పెరుగుతుంది.

"ఊపిరి బిగబట్టకండి అక్కయ్యగారూ," అన్నాడు జోగారావు. అక్కడి యంత్రాలన్నీ చూసుకునే మనిషి అతను. "మీరు బిగబడితే నాకూ ఆడటం లేదు."

పేరిందేవి నవ్వి ఊపిరి వదిలింది. అంకె పెరిగి పెరిగి రెండు వందల పదకొండు దగ్గర ఆగింది.

డాక్టర్ సత్యవేణి కుర్చీలోంచి లేచి వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. యాభై ఏళ్ళ మనిషి, ఎప్పుడూ గట్టిగా నవ్వని మనిషి, చిన్నపిల్లలా నవ్వింది. "రెండు వందలు దాటితే చాలనుకున్నాం, దాటేసింది! సోమవారం మీ గొట్టం తీసేస్తాను. ఇక మీ దారం ఎవరూ తిండి పెట్టకుండానే బతుకుతుంది."

పేరిందేవి కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంది. దేవుడికో, డాక్టరుకో, కాలికో తనకే తెలియలేదు. మండలం రోజులు ఆ ఆసుపత్రిలోనే ఉంది ఆమె. నిజంగా దీక్షలాగే గడిపింది.

పందొమ్మిదేళ్ళ కిందట ఒకనాడు చలిజ్వరం వచ్చి, ఎడమ గజ్జలో బిళ్ళ కట్టింది. తగ్గింది, మళ్ళీ వచ్చింది. నాలుగైదుసార్లు అలా వచ్చి పోయాక కాలు మాత్రం వాపు దిగడం మానేసింది. నరసాపురం చుట్టుపక్కల ఆ కాలిని చూసి అదేమిటని అడిగేవాళ్ళు లేరు. బోదకాలు. ఏ దోమ ఏ సాయంత్రం కుట్టిందో! అది తెచ్చిన పురుగులు లోపలి దారులన్నీ పాడుచేసి చచ్చాయి. మాత్రలు మింగితే పురుగులు పోయాయి గాని దారులు తిరిగి రాలేదు.

ఆమె లేసు అల్లుతుంది. కూర్చుని చేసే పని కాబట్టి కాలు అడ్డం రాలేదు. పేరంటాలకి మాత్రం వెళ్ళడం మానేసింది. ఎవరూ ఏమీ అనలేదు. పాదాలకి పసుపు రాసే ఇల్లాలు కుడికాలికి తీరిగ్గా రాసి, ఎడమకాలి దగ్గరికి వచ్చేసరికి వేలితో తాకించి పక్కవాళ్ళ దగ్గరికి జరిగిపోయేది. అది చాలు. పదకొండేళ్ళుగా ఆ కాలికి ఆమె కూడా పసుపు పెట్టుకోలేదు.

ఇక్కడికి తీసుకొచ్చింది భర్త గవర్రాజు. వశిష్ఠ గోదావరి మీద రేవు దాటించే పంటు నడుపుతాడు. రేవు దాటేవాళ్ళ నోట విన్నాడు, బోదకాలికి కొత్త వైద్యమేదో కనిపెడుతున్నారని. కనుక్కుని, వెంటపడి, పేరు రాయించాడు.

మొదటిరోజు సత్యవేణి ఆమెకి ఒక గాజుగిన్నె చూపించింది. భూతద్దంలోంచి చూస్తే గిన్నెలోని నీళ్ళలో వెంట్రుకంత దారం. పట్టుపురుగు దారంలోని సారంతో అల్లి, మనిషి సొంత కణాలు పోసి పెంచిన గొట్టం అది. చూస్తుండగానే ఆ దారం ఒకచోట నొక్కుకుంది. లోపలి చుక్క ముందుకి జరిగింది. వదులైనా ఆ చుక్క వెనక్కి రాలేదు.

"కదిలింది!" అంది పేరిందేవి. "ఎవరు కదిపారమ్మా?"

"ఎవరూ కదపలేదు. రక్తనాళాల్లోంచి నీరు ఊరి ఒళ్ళంతా తడుపుతుంది. అందులో చాలావరకు రక్తంలోకే తిరిగిపోతుంది. మిగిలిపోయినది రోజుకి రెండు మూడు లీటర్లు, శోషరసం అంటాం. దాన్ని పోగుచేసి మెడ దగ్గర మళ్ళీ రక్తంలో కలపాలి. దానికి గుండె లేదు. నాళాలే కొంచెం కొంచెం నొక్కుకుంటూ పైకి పంపుతాయి. లోపల అడుగడుగునా తలుపులు, ఒకవైపే తెరుచుకుంటాయి. మధ్యలో బిళ్ళలు, అంటే గ్రంథులు, వచ్చినదాన్ని వడబోస్తాయి. మీ కాల్లో ఆ దారి మూసుకుపోయింది. ఈ దారం కొత్త దారి."

"నేను నిద్రపోతున్నా ఒంట్లోని ఆ నాళాలు పని చేస్తూనే ఉంటాయా?"

"మీరు పుట్టకముందు నుంచీ."

ఆ మాట పేరిందేవిని బాగా పట్టుకుంది. ఎవరూ చెప్పకుండా, ఎవరికీ కనబడకుండా కింద మిగిలిపోయినదాన్ని పోగుచేసి పైకి మోసుకుపోయే ఏర్పాటు ఒకటి తన ఒంట్లో ఉందని నలభై ఆరేళ్ళకి తెలిసింది. ఆ పూట దేవుడికి దణ్ణం పెట్టుకుంటూ ఒక్కటి మాత్రం అడిగింది. ఇంత జాగ్రత్తగా కట్టినవాడివి, దోమకి ఎందుకు దారి ఇచ్చావయ్యా? కోపంతో కాదు, తెలుసుకుందామని.

దారం చీలమండ నుంచి గజ్జ దాటేదాకా చర్మం కింద పరిచారు. అది నాటుకునేదాకా దానికి తిండి కావాలి. గజ్జ దగ్గర చిన్న గొట్టం పెట్టి దానిలోంచి పోషకద్రవం ఎక్కించారు. తొందరపడి గొట్టం తీస్తే దారం ఎండి గట్టిపడుతుంది, కాలిలో మిగిలిన కాస్త దారీ పోతుంది. ఆలస్యం చేస్తే గొట్టం దగ్గర చీము పట్టే భయం. అందుకే ఆ పెట్టె, ఆ అంకె.

మొదటి శుక్రవారం అంకె పధ్నాలుగు. పేరిందేవికి మాత్రం గట్టిగా కట్టిన పట్టీలకి పాదం కొంచెం వాపు దిగి, ఏళ్ళ తర్వాత చీలమండ ఎముక చేతికి తగిలింది. మరుసటి శుక్రవారం స్నానంచేసి, కృతజ్ఞతకొద్దీ, మోకాలిదాకా నిండుగా పసుపు రాసుకుంది. ఆరాక మెత్తగా తుడుచుకుని పరీక్షకి వెళ్ళింది. ఆరోజు అంకె తొంభై ఆరు. అక్కడినుంచి ఏ శుక్రవారమూ మానలేదు, వారంవారం ఇంకాస్త ఒత్తుగా రాసుకుంది.

శనివారం పొద్దున్న గవర్రాజు గుడిలో అర్చన చేయించి, పెద్ద డబ్బా నిండా పులిహోర ప్రసాదం పట్టుకుని వచ్చాడు.

"పంటులో అందరికీ చెప్పేశాను," అన్నాడు. "అవతలి రేవులో ఇద్దరు తమ ఆడవాళ్ళ పేర్లు కూడా రాయించమన్నారు. సోమవారం మన ఇంటికి నడుచుకుంటూ వస్తావు, చూడు!"

"ఇక్కడినుంచి నరసాపురం దాకా నడిపించేస్తారా?" అంది పేరిందేవి. ఇద్దరూ నవ్వుకున్నారు.

ఆమె డబ్బా పట్టుకుని జోగారావుకి పెడదామని పరీక్షగదికి వెళ్ళింది. తెరలు వేసి, పెట్టె మూత తీసి, అతను లోపల అద్దం తుడుస్తున్నాడు. నీలిదీపం వెలుగుతోంది.

"చెయ్యి ఖాళీ లేదు, అలా బల్లమీద పెట్టండి. మూత తియ్యండి, వాసన చూసి బతుకుతాను."

ఆమె మూత తీసింది. జోగారావు తిరిగి చూసి, గుడ్డ చేతిలోనే ఉంచుకుని పెద్దగా నవ్వాడు.

"అక్కయ్యగారూ! మీ స్వామి మహిమ చూడండి, పులిహోర వెలుగుతోంది!"

నిజమే. ఆ చీకట్లో మెతుకు మెతుకూ పచ్చగా మెరుస్తోంది. డబ్బా అంచున ఆమె వేళ్ళకి అంటినచోట కూడా అదే పచ్చ. అతను ఫోన్ తీసి ఫొటో తీసుకోబోయాడు.

పేరిందేవి నవ్వలేదు. చీర కుచ్చెళ్ళు కొంచెం పైకెత్తి, ఎడమకాలు దీపం ముందుకి జరిపింది. నిన్నటి పసుపు. మోకాలిదాకా కాలంతా పచ్చటి వెలుగు.

జోగారావు ఫోన్ దించేశాడు. "ఇదేంటండి?" అన్నాడు మెల్లగా. "లేపనాలు, నూనెలు ఏమైనా రాస్తున్నారా అని కాగితంలో అడిగాం కదండి. లేదని వేలిముద్ర... కాదు, సంతకం పెట్టారు."

"పసుపు లేపనమా నాయనా?" అంది ఆమె. ఆ క్షణందాకా ఆ సంగతి ఆమెకి తట్టనే లేదు. నూనె రాయలేదు, మందు రాయలేదు. పసుపు పెట్టుకుంది. బొట్టు పెట్టుకున్నట్టు.

ఆమెకి ఒక ఆలోచన రాకపోలేదు. కాలు కడిగేసుకుంటే ఎవరికి తెలుస్తుంది? అంకె కొంత నిజమై ఉండొచ్చుగా? బయట వరండాలో గవర్రాజు నర్సుతో నవ్వుతూ మాట్లాడటం వినబడుతోంది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయింది! జోగారావు ఆమె ముఖమే చూస్తున్నాడు. తనంతట తాను నోరు విప్పేలా లేడు.

అప్పుడు మార్తమ్మ గుర్తొచ్చింది. పక్క మంచం మనిషి. ఎండుచేపలు అమ్ముతుంది, అరవై దాటాయి. ఇద్దరికీ ఒకే వారంలో దారాలు వేశారు. మార్తమ్మ అంకె ఎప్పుడూ ముప్పై దాటలేదు. చర్మం మందం, వెలుగు బయటికి రావడం లేదనుకున్నారు.

"మార్తమ్మగారికి గొట్టం ఎప్పుడు తీస్తారు?"

"పొద్దున్నే తీసేశారుగా అండి," అన్నాడు జోగారావు. "అక్కడ కాస్త ఎర్రబడిందని. నలభై రోజులకి మీ దారం నిలదొక్కుకుంటే ఆవిడదీ నిలదొక్కుకునే ఉంటుందని..."

పేరిందేవి డబ్బా అక్కడే వదిలేసి, ఆ కాలుతో ఎంత వేగంగా నడవగలదో అంత వేగంగా డాక్టరు గదికి వెళ్ళింది.

సత్యవేణి అంతా నిలబడే వింది. ముందు కాలు సబ్బుతో మూడుసార్లు కడిగించి, పెట్టెలో పెట్టించి చూసింది. తొమ్మిది. కుర్చీలో కూలబడిపోయింది.

"నావల్లేనమ్మా," అంది పేరిందేవి. "దేవుడికి దణ్ణం పెట్టుకోబోయి ఆవిడ కాలు పాడుచేశాను."

"మీరు పసుపు రాసుకున్నారు, అంతే. సూదిమందు వేయకముందు కాలిని ఒకసారి ఆ వెలుగులో చూసి ఉంటే మొదటివారమే తెలిసేది. చూడలేదు. అంకె పెరుగుతుంటే ఎందుకు పెరుగుతోందని అడగబుద్ధి కాలేదు నాకు." ఆవిడే మళ్ళీ అంది, "నేను పసుపుకొమ్ములు దంచే ఇంట్లోనే పుట్టాను. నాకైనా తట్టాలి కదా!"

గొట్టం మళ్ళీ పెట్టాలంటే మార్తమ్మ కణాలకి సరిపడే ద్రవం కొత్తగా తయారుచేయాలి. ఎంత తొందరపడ్డా మంగళవారం అవుతుంది. ఈలోగా దారంలో నీరు కదలక నిలిచిపోతే గట్టిపడుతుంది. కదులుతూ ఉంటే, ఏమో, ఆగొచ్చు. యంత్రంతో నొక్కితే లేతదారం చితికిపోతుంది. చేత్తోనే చేయాలి, గంటగంటకీ.

"నేను చేస్తాను," అంది పేరిందేవి.

మార్తమ్మకి విషయం చెప్పడం మాత్రం డాక్టరుకి వదల్లేదు. తానే వెళ్ళి, మంచం పక్కన నిలబడి చెప్పింది. మార్తమ్మ అంతా విని, పేరిందేవిని కిందనుంచి పైదాకా చూసింది.

"ఏటే అమ్మాయ్, నీ దేవుడికి నువ్వు దణ్ణం పెట్టుకుంటే నా కాలికి తగిలిందా?"

"ఆయ్, తగిలిందండి."

"ఆదివారం చర్చిలో ఆరాధన మొత్తం నిలబడి పాట పాడాలనుకున్నాను. ఎప్పుడూ ఆ వెనకాల ప్లాస్టిక్ కుర్చీయే. ఇరవై ఏళ్ళబట్టి కుర్చీయే." దుప్పటి పైకి లాక్కుంది. "నువ్వు పో. నీ మొహం చూడను."

గోడవైపు తిరిగి పడుకుంది. పేరిందేవి వెళ్ళలేదు. బల్ల లాక్కుని కూర్చుని, నర్సు చూపించినట్టే మొదలుపెట్టింది. ముందు మెడ ఎముక దగ్గర, తరువాత గజ్జలో, ఆపైన తొడ, మోకాలు, అన్నిటికన్నా చివర పాదం. పైన చోటు ఖాళీ చేస్తేనే కింది నీటికి పోవడానికి దారి ఉంటుంది. పాలమీది మీగడ చెదరనంత తేలిగ్గా చర్మాన్ని పైకి జరిపి వదలాలి. గట్టిగా నొక్కితే చిన్ననాళాలు మూసుకుపోతాయి. నర్సు వేళ్ళు అరగంటకి బరువెక్కేవి. పేరిందేవి వేళ్ళు బరువెక్కలేదు. ఏళ్ళ తరబడి దారాన్ని బిగుతూ కాకుండా వదులూ కాకుండా పట్టుకున్న వేళ్ళు అవి.

మధ్యాహ్నం దాటింది. మార్తమ్మ గోడవైపు చూస్తూనే అంది, "మోకాలి లోపలివైపు వదిలేశావు."

"ఇప్పుడే వస్తున్నానండి."

"వస్తున్నాను అంటా వెళ్ళిపోతున్నావు."

సాయంత్రం గవర్రాజు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. సోమవారం ఇంటికి రావడం లేదని పేరిందేవి చెప్పింది. అతను తలగోక్కుని, "పంటులో ఏం చెప్పమంటావు?" అన్నాడు.

"ఉన్నది చెప్పండి. మీ ఆవిడ పులిహోరలా వెలిగిందని చెప్పండి."

మార్తమ్మ దుప్పటి కదిలింది. నవ్వో, దగ్గో తెలియలేదు.

ఆదివారం పొద్దున్న మార్తమ్మ పడుకునే పాట అందుకుంది. పేరిందేవికి ఆ పాట తెలియదు. చేతులు మాత్రం పాట నడకకి కలిశాయి. అలా చేస్తే పని తేలికైంది. గోవిందనామాలు తనలో తాను చెప్పుకోవడం మానలేదు. ఒకరిది పైకి, ఒకరిది లోపల, రెండూ ఒక కాలిమీదే సాగాయి. దేవుడికి ఇద్దరి మాటా వినబడుతుందా, ఎవరో ఒకరిదే వినబడుతుందా అని ఆమెకి ఒకసారి అనిపించింది. వినబడితే ఇద్దరిదీ వినబడాలి. లేకపోతే ఆ చెవి ఎందుకు?

మంగళవారం. ద్రవం సిద్ధమైంది. గొట్టం పెట్టేముందు దారం పరిస్థితి చూడాలని సత్యవేణి మార్తమ్మ కాలు కడిగించింది. సూదిమందు వేయకముందు పెట్టె మూత పూర్తిగా తీసేసి, నీలివెలుగులో కాలిని అటూ ఇటూ తిప్పి స్వయంగా చూసింది. నల్లగా ఉంది. ఎక్కడా మెరుపు లేదు. అప్పుడు సూది వేసింది.

అయిదు నిమిషాలు. ఏమీ లేదు. పది నిమిషాలు. వేళ్ళ సందున పచ్చటి చుక్క అలాగే ఉంది. పేరిందేవి దేవుణ్ణి ఈ మూడు రోజులూ తన కాలి గురించి ఒక్కటీ అడగలేదు. ఇప్పుడూ అడిగింది అది కాదు. స్వామీ, ఈవిడ కుర్చీ తీసెయ్యి.

"దారం గట్టిపడిందేమో," అంది సత్యవేణి.

"ఆగండి మేడమ్," అన్నాడు జోగారావు.

చుక్కలోంచి సన్నటి గీత ఒకటి బయటికి వచ్చింది. వెంట్రుకంత. ఒక్క గోరంత పొడవు జరిగి ఆగింది. పోయిందనుకున్నారు. మళ్ళీ జరిగింది. ఆగింది. జరిగింది. చీలమండ దాటింది. జోగారావు గడియారం చూస్తూ లెక్కపెట్టాడు. నిమిషానికి ఆరుసార్లు. ఎవరూ ముట్టుకోలేదు, ఎవరూ తొయ్యలేదు. ఆ ముసలికాలిలో ఒక పచ్చటి దారి తనంతట తాను నొక్కుకుంటూ, నీటిని మోసుకుంటూ పైకి పోతోంది. మోకాలి లోపలివైపు మలుపు తిరిగి తొడమీదికి ఎక్కింది.

మార్తమ్మ మోచేతులమీద లేచి చూసుకుంది. "అదేనా? అది నాదేనా?" అని నాలుగుసార్లు అడిగింది.

సత్యవేణి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "గొట్టం అక్కర్లేదు," అంది చివరికి. "ఈ దారం పస్తున్న మూడు రోజుల్లోనే బతికింది. నేను నలభై రోజులు దానికి తిండి పెట్టి కూర్చోబెట్టాను. దానికి కావలసింది తిండి కాదేమో, కదలికేమో! ఒక్క కాలిని చూసి తేల్చి చెప్పను, ఆ పొరపాటు మళ్ళీ చెయ్యను. పేరిందేవిగారూ, ఈసారి మీ కాలు. మీకు నడుం వంగదు, మీ చేతికి సరిగా అందదు. నర్సుని..."

"నర్సెందుకు?" అంది మార్తమ్మ. పెట్టెలోంచి కాలు తీసుకుని, బల్లమీదినుంచి దిగి, అటువైపు కుర్చీలో కూర్చుంది. "మూడు రోజులు ఒళ్ళప్పగించి నేర్చుకున్నాను. మెడ, గజ్జ, తొడ, మోకాలు, పాదం. ఇటు చాపు కాలు."

పేరిందేవి కాళ్ళు వెనక్కి ముడుచుకుంది. "అయ్యో, వద్దండి! మీరు పెద్దవాళ్ళు. మీచేత కాలు పట్టించుకుంటే నాకు పాపం తగుల్తుంది."

"మా ప్రభువు పన్నెండుమంది శిష్యుల కాళ్ళు కడిగాడే అమ్మాయ్. అంటే ఇరవై నాలుగు." మార్తమ్మ చీరకొంగు నడుముకి దోపుకుంది. "నాకు వచ్చింది ఒక్కటి. చాపుతావా, లాగమంటావా?"

పేరిందేవి చాపింది.